చార్జర్ల పొత్తు

హైదరాబాదు నగరమునకు పడమట, బండరాళ్ళును సీతాఫలపు పొదలును మెండుగా నుండిన మాదాపురపు మిట్టమీద, 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. హైటెక్ సిటీ అను పేరు ఆ ఒక్క భవనముతో ఆగక గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడల దిక్కుగా ప్రాకినది. 2019వ సంవత్సరము మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి వచ్చినది. ఆ నవంబరులోనే రాయదుర్గము చేరినది. ఉదయము ఆ రైలు దిగివచ్చు వారి భుజములకు వ్రేలాడు సంచులను చూడుడు. ఏ సంచి విప్పినను అందొక లాప్‌టాపు, దానికి నల్లని ఇటుక వంటి పెట్టె యొకటి, ఫోనుకొక చార్జరు, చెవిలో పెట్టుకొను పరికరమునకు వేఱొక తీగ, వీనిలో ఏదైన చెడినచో ఆదుకొనుటకు అదనముగా ఇంకొక తీగ కనిపించును. మన తాతలు ప్రయాణమునకు మరచెంబు తీసికొని పోయినట్లు నేటి యువకులు చార్జరు తీసికొని పోవుచున్నారు. మరచెంబునకు ఒక సుగుణ ముండెను: ఏ ఊరి నీరైనను అందులో పట్టెడిది. చార్జరు అట్టిది కాదు.

అయ్యప్ప సొసైటీ వీథులలో, వసతిగృహముల క్రింద నుండు చిన్న దుకాణముల ముందు, తీగలు పూలదండలవలె వ్రేలాడుచుండును. సాయంకాలము ఆఫీసునుండి వచ్చు అమ్మాయి యొకతె అచ్చట ఆగి, "అన్నా, టైప్-సీ కేబుల్ ఉందా?" అని యడుగును. "ఉందక్కా, నూటయాభై" అని అతడొక తీగ తీసి యిచ్చును. బేరము ముగిసినది. ఇద్దఱును నిజమే పలికిరి. కాని అడుగవలసిన ప్రశ్న ఆమె అడుగలేదు. చెప్పవలసిన మాట అతడు చెప్పలేదు. టైప్-సీ అనునది తీగ చివరనున్న మూతి యొక్క ఆకారమునకు పేరు. ఆ మూతి వెనుక ఎంత విద్యుత్తు నడువగలదో, ఏ పద్ధతిని నడుచునో, ఆ పేరు చెప్పదు. మూతి కుదిరినంత మాత్రమున పొత్తు కుదిరినట్లు కాదు. ఈ ప్రాంతమున కేబులు అనగానే దుర్గము చెరువుమీద 2020లో తెఱచిన కేబులు వంతెన జ్ఞాపకము వచ్చువారు కలరు. ఆ కేబుళ్ళ బలమును ఇంజనీర్లు లెక్కకట్టి మఱి బిగించినారు. మన సంచిలోని కేబులు బలమును లెక్కించువారే లేరు.

ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. పొత్తు కుదరని చార్జరువలన కలుగు నష్టములలో మిక్కిలి చిన్నది ఆలస్యము; రాత్రి తగిలించిన ఫోను తెల్లవారినను నిండదు. అంతకంటె పెద్దది, అరలక్షయో లక్షయో పోసి కొనిన యంత్రము చెడుట. అన్నిటికంటె పెద్దది ప్రాణహాని. వసతిగృహములలో ముగ్గురు నలుగురు ఒకే గదిలో నుందురు. గోడకు ఒకటో రెండో ప్లగ్గులుండును. అందఱి చార్జర్లును ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డునకు తగిలించి, ఆ బోర్డును పఱుపుప్రక్కనే పెట్టుకొని, నిండుచున్న ఫోనును దిండు క్రింద నుంచి నిద్రించుట అచ్చట పరిపాటి. వేడి పోవుటకు దారి లేనిచోట చార్జరులోని చిన్న లోపము పెద్దదగును. ఊరిలోని తల్లి ఫోనుచేసి "వేళకు తింటున్నావా, అమ్మా?" అని యడుగును గాని "నీ చార్జరు ఎటువంటిది?" అని యడుగదు. అదియు అడుగదగిన ప్రశ్నయే.

ఈ తంటా నేటిది కాదు. విద్యుత్తు రాని పల్లెలలో రేడియోలు బ్యాటరీలతోనే పలికెడివి. విద్యుత్తు వచ్చిన పిమ్మట ట్రాన్సిస్టరు రేడియోకు బ్యాటరీల ఖర్చు తప్పించుటకు ఎలిమినేటరు అను చిన్న పెట్టె వచ్చినది. బ్యాటరీలను తొలగించునది గనుక దానికి ఆ పేరు. మూడు, నాలుగున్నర, ఆరు, ఏడున్నర, తొమ్మిది, పండ్రెండు అని వోల్టుల అంకెలు వేసి, వానిపై త్రిప్పుటకు ఒక మీట యుండెడిది. ధనఋణములను తారుమారు చేయుటకు మఱియొక మీట. చివరను లావు సన్నముల మూతుల గుత్తి యొకటి వ్రేలాడెడిది. ఇంటి పిల్లలు ఆ మీటను ఆటగా త్రిప్పిన మఱునాడు టేప్‌రికార్డరు మూగవోయిన యిండ్లు తెలుగుదేశమున తక్కువ కావు. అయినను ఆ ఎలిమినేటరులో ఒక నిజాయితీ కలదని మా యభిప్రాయము. ఎన్ని వోల్టులో తేల్చుకొను భారము వాడుకొనువానిదే యని అది ముఖముమీదనే చెప్పెడిది. నేటి పెట్టె అదే సంగతిని తన అడుగున, నలుపుపై బూడిదరంగు అక్షరములలో, భూతద్దము లేనిదే చదువరాకుండ వ్రాసి యుంచును.

తరువాత మొబైలు ఫోనులు వచ్చినవి. ఒక్క నోకియా కంపెనీ ఫోనులలోనే మొదట లావు పిన్ను, ఆ వెనుక సన్న పిన్ను. బంధువుల యింటికి పోయినచో కుశలప్రశ్నలు ముగిసీముగియకమునుపే "మీ ఇంట్లో సన్న పిన్ను చార్జర్ ఉందా, వదినా?" అని అడుగవలసివచ్చెడిది. చైనా దేశము 2006లో ఫోను చార్జర్లకు యూఎస్‌బీని ప్రమాణముగా నిర్ణయించినది. 2009లో పెద్ద ఫోను కంపెనీలు ఐరోపాలో మైక్రో యూఎస్‌బీకి స్వచ్ఛందముగా ఒప్పుకొనినవి. 2014 ఆగస్టులో, ఇరువది నాలుగు సన్నని లోహపు పట్టీలు కలిగి, ఎటు త్రిప్పి పెట్టినను పట్టు టైప్-సీ వెలువడినది. స్వచ్ఛందపు ఒప్పందములు చాలవని తలచి ఐరోపా సమాఖ్య 2022లో చట్టమే చేసినది. ఫోనులు, టాబ్లెట్లు మొదలగువానికి 2024 డిసెంబరు 28వ తేదీని, లాప్‌టాపులకు 2026 ఏప్రిల్ 28వ తేదీని అది గడువుగా పెట్టినది. యాపిల్ కంపెనీ ఆ గడువు రాకమునుపే, 2023 సెప్టెంబరులో, ఐఫోను 15తో టైప్-సీకి మాఱినది. మన దేశమున భారత ప్రమాణముల సంస్థ, అనగా బీఐఎస్, టైప్-సీకి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణమునే ఐఎస్/ఐఈసీ 62680 అను సంఖ్యతో మన ప్రమాణముగా స్వీకరించినది. నడుమ మఱియొకటి జరిగినది. 2020లో యాపిల్, మఱుసటి సంవత్సరము సామ్‌సంగ్, తమ పెద్ద ఫోనుల పెట్టెలనుండి చార్జరునే తీసివేసినవి. ఫోనుతోపాటు దాని జోడు వచ్చు కాలము అంతటితో సడలి, జోడు వెదకుకొను పని కొనువారి నెత్తిన పడినది.

మూతి విషయమున లోకమంతయు ఒక త్రాటిమీదికి వచ్చుచున్నది, సంతోషమే. కాని దానివలననే ఒక క్రొత్త చిక్కు పుట్టినది. పూర్వము మూతులు వేఱువేఱుగా నుండుటచేత కుదరని చార్జరు చాలవఱకు లోపలికే పోయెడిది కాదు. నేడు అన్నిటికిని ఒకే మూతి గనుక కుదిరినవియు పోవును, కుదరనివియు పోవును. కావలివాడుగా నుండిన ఆకారము ఉద్యోగము విరమించినది. ఆ కావలి యిక మనమే కాయవలెను.

అందుకు సాధనము పెట్టె అడుగునగల రెండు పంక్తులు. మొదటిది ఇన్‌పుట్. అందు "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జులు" అని యున్నచో అది మన గోడనుండి వచ్చు 230 వోల్టులకును సరిపడును, అమెరికాలోని 120 వోల్టులకును సరిపడును. రెండవది ఔట్‌పుట్, ప్రాణము దానిలో నున్నది. అందు వోల్టులు, ఆంపియర్లు అని రెండంకెలు కనిపించును. మేడమీది నీళ్ళ ట్యాంకును తలచుకొనుడు. ట్యాంకు ఎంత ఎత్తున నున్నదో అంత ఒత్తిడితో నీరు క్రిందికి దిగును. అది వోల్టు వంటిది. గొట్టము ఎంత ధారను ఈయగలదో అది ఆంపియరు వంటిది. ఎత్తు మితిమీరినచో కుళాయి పగులును. చాలనిచో నీరే రాదు. కాని గొట్టము లావైనంత మాత్రమున కుళాయి తన అవసరమునకు మించి త్రాగదు. కావున పాతరకపు ఒంటి మూతి చార్జరులో వోల్టులు యంత్రము కోరినన్నియే యుండవలెను. ఆంపియర్లు సమానముగా నుండవచ్చును, ఎక్కువగా నుండవచ్చును, తక్కువ మాత్రము కారాదు. రెంటిని హెచ్చవేసినచో వాట్టులు వచ్చును: 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు కలిసి 65 వాట్టులు. 65 వాట్టుల లాప్‌టాపునకు అదే జాతి 90 వాట్టుల చార్జరు తగిలించినచో కాలిపోవునను భయము చాలమందికి కలదు; అది నిరాధారము. దీనికి తలక్రిందైనది నిజముగా చిక్కు. 90 వాట్టులు కోరు యంత్రమునకు 45 వాట్టుల చార్జరు పెట్టినచో చార్జరు కాగిపోవును, లేదా యంత్రము దానిని నిరాకరించును. ఇక మూడవ గుర్తు ఒకటి కలదు: ఒక చిన్న వలయము, దాని నడుమ చుక్క. చుక్కనుండి పోవు గీత ధనము గుర్తును చేరినచో మూతిలోపలి నడిమి భాగము ధనమని యర్థము. రౌటర్లకు, చిన్న స్పీకర్లకు చార్జరు వెదకువారు ఈ బొమ్మను చూడక కొనరాదు.

లాప్‌టాపుల సంగతి ఇంకను విచిత్రము. డెల్, హెచ్‌పీ కంపెనీల అనేక యంత్రముల చార్జర్లు రెండును 19.5 వోల్టులవే. సన్నరకపు మూతులు చూచుటకు కవలలవలె నుండును. నడుమ ఒక సూది కూడ రెంటికిని కలదు. ఆ సూది విద్యుత్తు మోయుటకు కాదు, పరిచయము చెప్పుకొనుటకు. డెల్ చార్జరు తానెవరో, తన శక్తి ఎన్ని వాట్టులో ఆ సూదిద్వారా యంత్రమునకు తెలుపును. పరిచయము కుదరనిచో యంత్రము నడుచును గాని బ్యాటరీ నిండదు. ఎడాప్టరును గుర్తింపలేకున్నానను అర్థముగల సందేశము తెరపై వచ్చును. ఉద్యోగము మాఱువారికి ఇది బాగుగ తెలియును. పాత కంపెనీ యంత్రమును అప్పగించి క్రొత్త కంపెనీ యంత్రమును తెచ్చుకొనిన నాడు, ఇంటిలో సొంతఖర్చుతో కొనిపెట్టుకొనిన రెండవ చార్జరు ఒక్కసారిగా పరాయిదగును. ఒక ఊరట కలదు. ఆ పరిచయపు సూదికి పోవు తీగ వెండ్రుకవలె సన్నము. చార్జరును దాని తీగతోనే చుట్టి సంచిలో క్రుక్కువారికి మెడవద్ద తెగునది సాధారణముగా అదే. అప్పుడు పెట్టెనంతను పారవేయనక్కఱ లేదు. మూతిని, దాని తీగను మార్చిన చాలును. పని తెలిసిన మరమ్మతుదారుడు తెగిన తీగలను మల్టీమీటరుతో తట్టి చూచి, పావుగంటలో క్రొత్త మూతి అతికి యిచ్చును.

టైప్-సీ చార్జరు వీనివంటిది కాదు. దానికి మాట వచ్చును. తగిలించిన వెంటనే అది ఐదు వోల్టులే యిచ్చును. పిమ్మట, పవర్ డెలివరీ అను పద్ధతి తెలిసినవైనచో, ఇరుపక్షములకును సంభాషణ జరుగును. "నాయొద్ద ఐదు, తొమ్మిది, పదునైదు, ఇరువది కలవు, ఇన్ని ఆంపియర్ల దాక ఈయగలను" అని చార్జరు చెప్పును. "నాకు తొమ్మిది చాలును" అని ఫోనును, "నాకు ఇరువది కావలెను" అని లాప్‌టాపును బదులు చెప్పును. పెండ్లిమాటలలో ఇచ్చిపుచ్చుకొనుటలు తేలిన పిమ్మటనే తాంబూలములు మార్చుకొనినట్లు, ఒప్పందము కుదిరిన తరువాతనే వోల్టులు పెరుగును. 2021లో ఈ పద్ధతిని 48 వోల్టులు, 240 వాట్టుల దాక పెంచినారు. ఇంత మర్యాద కలదు గనుకనే 65 వాట్టుల మంచి టైప్-సీ చార్జరు ఒక్కదానితో లాప్‌టాపును, ఫోనును, చెవిపరికరమును గూడ నింపుకొనవచ్చును. ఆ ఒక్కటి కొనినవారి సంచి సగము బరువు తగ్గును.

అయితే అందఱును ఈ భాషనే మాటలాడుదురా? లేదు. క్వాల్‌కామ్ కంపెనీ క్విక్ చార్జ్ అను తన పద్ధతిని తెచ్చినది. అది వోల్టులను పెంచు మార్గము. వన్‌ప్లస్ కంపెనీ 2016లో డ్యాష్ చార్జ్ అను పద్ధతి తెచ్చినది; అది ఐదు వోల్టులే యుంచి ఆంపియర్లను నాలుగునకు పెంచు మార్గము, దానికి ఆ కంపెనీవారి తీగయే కావలెను. వాని వెనుక వేఱువేఱు పేర్లతో, వేఱువేఱు రంగుల మూతులతో ఇంకను ఎన్నియో వచ్చినవి. ఫలితమేమి? ఫోను చార్జరుమీద ఎనుబది వాట్టులని పెద్ద అక్షరములలో నుండును. పవర్ డెలివరీ మాట దానికి రానిచో లాప్‌టాపు దృష్టిలో అది ఐదు వోల్టుల పసిపిల్ల. క్వాల్‌కామ్‌కు ఈ ప్రాంతముననే కార్యాలయములు కలవు. వన్‌ప్లస్ 2019 ఆగస్టులో తన పరిశోధన కేంద్రమును హైదరాబాదులో తెఱచినది. ఆ కంపెనీలలో పనిచేయువారును, ఆ భాషల తేడా తెలియక దుకాణము ముందు తికమకపడువారును ఒకే బండివద్ద నిలిచి ఇరానీ చాయి త్రాగుచున్నారు. ఒక్కొక్కప్పుడు ఆ ఇద్దఱును ఒక్కరే.

ఇక తీగ. దానిని ప్రాణము లేని వస్తువని తలచి పదిమందిలో చౌకదానిని ఏరుకొందుము. టైప్-సీ తీగ మామూలుగా మూడు ఆంపియర్లు మోయును. ఐదు మోయవలెనన్నచో దాని మూతిలో ఒక చిన్న చిప్పు ఉండి "నేను మోయగలను" అని సాక్ష్యము చెప్పవలెను. సాక్షి లేనిచో చార్జరు ఎంత పెద్దదైనను 60 వాట్టులవద్ద ఆగును. నూఱు వాట్టుల చార్జరు కొనియు లాప్‌టాపు నెమ్మదిగా నిండుచున్నదని చింతించువారు ముందు తీగను పరీక్షింపవలెను. 2021 తరువాత ప్రమాణము పాటించు తీగలమీద 60 అనియో 240 అనియో వాట్టుల గుర్తు వేయు పద్ధతి వచ్చినది. ఆ గుర్తు గల తీగ దొరికినచో పది రూపాయలు ఎక్కువైనను మంచిదే. తీగకు ఇంకొక గుణము గూడ కలదు. చార్జరుతో వచ్చు తీగలు అనేకములు విద్యుత్తు మోయుటయందు ఘటికములే గాని సమాచారము మోయుటయందు నత్తలు. ఆఫీసులో మీటింగు మొదలగు సమయమున అట్టి తీగతో లాప్‌టాపును పెద్ద తెరకు కలిపి, బొమ్మ రాలేదని తెరను తిట్టువారిని చూచుచున్నాము. తెర తప్పేమియు లేదు. బొమ్మ నడువవలసిన దారులు ఆ తీగలోపల వేయనే లేదు. కొన్ని పాత చౌక తీగలలో సమాచారపు దారి బొత్తిగా ఉండదు. అవి నింపును గాని ఫొటోలను దాటింపవు.

తప్పుగా కట్టిన తీగ ఏమి చేయగలదో లోకమునకు తెలియజెప్పినవాడు బెన్సన్ లియుంగ్ అను గూగుల్ ఇంజనీరు. టైప్-సీ క్రొత్తగా వచ్చిన దినములలో, 2015 చివరనుండి, ఆయన అమెజాన్‌లో అమ్ము తీగలను తెప్పించి ఒక్కొక్కదానిని కొలిచి ఫలితములు ప్రకటించెడివాడు. పాత యూఎస్‌బీ చార్జరుకు టైప్-సీ ఫోనును కలుపు తీగలో 56 కిలో ఓముల రెసిస్టరు ఉండవలెను. చార్జరు చిన్నదని అది ఫోనుకు హెచ్చరిక చేయును. పెక్కు తీగలలో పది కిలో ఓములదే యున్నదని ఆయన కనుగొనెను. దానివలన ఫోను చార్జరుకు మూడు ఆంపియర్ల శక్తి కలదని భ్రమించి, దానిని పీల్చి పిప్పిచేయును. 2016 ఫిబ్రవరిలో ఒక తీగను తగిలింపగా, అందు ధనఋణములు తారుమారై యుండుటచేత ఆయన లాప్‌టాపును పరీక్షాయంత్రములును ఆ క్షణముననే చెడినవి. ఆ మార్చినెలలో అమెజాన్ ప్రమాణము పాటింపని టైప్-సీ తీగలను తన అంగడిలో నిషేధించినది. రెసిస్టరు ఖరీదు పైసలలో. చెడిన యంత్రము ఖరీదు లక్షలో.

హైదరాబాదులో వీనిని వెదకుటకు తావులు లేకపోలేదు. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు లాప్‌టాపులకును వాని చార్జర్లకును పేరుపడినది. అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్టు మొబైళ్ళ లోకము. విడిభాగములు, మూతులు, తీగలు, ఎడాప్టర్లు కావలసినవారు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోవుదురు. ఎచ్చటికి పోయినను లాప్‌టాపు పేరు మాత్రము చెప్పి అడుగుట చాలదు. ఒకే పేరుతో రెండు మూడు రకముల మూతులు వచ్చియుండును. చెడిన చార్జరునే వెంట తీసికొని పోవలెను. అది పోయినచో లాప్‌టాపు అడుగున వ్రాసియున్న వోల్టులు, ఆంపియర్లను ఫొటో తీసికొని పోవలెను. అచ్చటి పరిభాషయు కొంత తెలియవలెను. "ఒరిజినల్" అనగా కంపెనీది కావచ్చును, కాకపోవచ్చును. "ఫస్ట్ కాపీ" అను మాటకు మాత్రము మేము తలవంచుచున్నాము. నకలులలో ఇది పెద్దకొడుకని కాబోలు అర్థము.

నకలును పట్టుట ఎట్లు? ఎలక్ట్రానిక్ వస్తువులకు నిర్బంధ నమోదును విధించుచు కేంద్రప్రభుత్వము 2012లో ఉత్తర్వు చేసినది. ఎడాప్టర్లు దాని క్రిందికి వచ్చును. నమోదైన ఎడాప్టరుమీద బీఐఎస్ వారి గుర్తు, దానితో ఐఎస్ 13252 వంటి ప్రమాణసంఖ్య, ఆర్ అను అక్షరము, దాని వెంట ఎనిమిది అంకెలు ఉండును. గుర్తును ఎవరైనను అచ్చువేయవచ్చును గనుక గుర్తు చూచి తృప్తిపడరాదు. బీఐఎస్ కేర్ అను ఆ సంస్థవారి యాప్‌లో ఆ సంఖ్యను వేసినచో తయారుచేసినవారి పేరు, వస్తువు, నమోదు చెల్లుబాటు తెలియును. సంఖ్య యొక కంపెనీది, పెట్టెమీది పేరు మఱియొక కంపెనీది యైనచో తిరిగి యిచ్చివేయవలెను. దుకాణము ముందే నిలిచి చూచుకొనుటకు ఒక్క నిమిషము పట్టును.

ఈ గుర్తు కాగితపు లాంఛనము కాదని తెలియుటకు చార్జరు లోపల ఏమున్నదో కొంచెము చెప్పవలెను. ఒక ప్రక్క గోడనుండి వచ్చు 230 వోల్టులు. రెండవ ప్రక్క మన చేతిలోని ఫోనుకు పోవు ఐదో తొమ్మిదో వోల్టులు. రెంటికి నడుమ తీగ కలియదు. చిన్న ట్రాన్స్‌ఫార్మరులో అయస్కాంతశక్తి ద్వారా మాత్రమే శక్తి దాటును. ఆ రెండు ప్రక్కలకు నడుమ కొన్ని మిల్లీమీటర్ల ఎడము, తీగలపై దళసరి పొర, ఉండితీరవలెనని ప్రమాణము. నకిలీ చార్జరులో ఎడము గోరంతయు నుండదు, పొర పలుచన. వానకాలపు చెమ్మకో, వేడికో ఆ పొర తెగిన నాడు గోడలోని 230 వోల్టులు తిన్నగా ఫోనులోనికి, ఫోనునుండి చెవికి వచ్చును. నిండుచున్న ఫోనుతో మాటలాడవలదని పెద్దలు చెప్పుట ఇందుకే తగును. తూచి చూచినను కొంత తెలియును. అదే శక్తిగల మంచి చార్జరుకంటె చాల తేలికగా నున్నది శంకింపదగినది.

వసతిగృహములలో మఱియొక ఫిర్యాదు తఱచు వినిపించును: లోహపు ఒడలు గల లాప్‌టాపును చార్జింగులో నుండగా తాకినచో వ్రేళ్ళకు జివ్వుమని తగులును. ఇది దయ్యము కాదు, ప్రతిసారియు నకిలీ చార్జరును కాదు. మంచి చార్జరులో గూడ విద్యుత్తు రొదను అణచుటకు పెట్టు చిన్న కెపాసిటరుద్వారా అత్యల్పమైన కరెంటు ఇవతలికి దాటును. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న లావు పిన్ను భూమితీగకు చెందినది. ఆ దారి యున్నచో ఆ కరెంటు భూమిలోనికి పోవును. ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు పిన్నులదైనను, గోడలో భూమితీగ కలుపకపోయినను, అది మన వ్రేళ్ళను వెదకుకొనును. జివ్వుమనుటతో ఆగినచో భయములేదు. చురుక్కుమని కొట్టినచో ఆ చార్జరును మఱి తాకరాదు. భవనపు భూమితీగను ఎలక్ట్రీషియనుచేత చూపింపుమని యజమానిని నిలదీసి అడుగవలెను. అద్దె కట్టువారికి అది హక్కు.

అమెరికానుండి తిరిగివచ్చువారు కొండాపురములోను గచ్చిబౌలిలోను చాలమంది కాపురము పెట్టినారు. వారి సామానులో లాప్‌టాపు చార్జర్లకు తిప్పలు లేవు. ఇన్‌పుట్ 100-240 గనుక చదునుపిన్నులను మన గుండ్రని రంధ్రములకు కుదుర్చు చిన్న ప్లగ్గు చాలును. కాని ఆ చిన్న ప్లగ్గు ఆకారమును మార్చునే గాని వోల్టులను మార్చదు. అచ్చట కొనిన 120 వోల్టుల అన్నము వండు కుక్కరును, జుట్టు ఆర్చు యంత్రమును దానితోనే గోడకు తగిలించినచో అది కోరినదానికి మూడున్నర రెట్లకు మించిన శక్తిని మ్రింగి, క్షణములలో పొగవిడుచును. ఇచ్చటను ఆ మూతి మాటయే.

విద్యుత్తు పోయిన వేళ ఇంటినుండి పనిచేయువారికి రౌటరు ఆగిపోవుట పెద్ద చిక్కు. 2020లో ఇంటినుండి పని మొదలైన పిమ్మట రౌటరుకు తోడుగా నుంచు చిన్న యూపీఎస్ పెట్టెలు ఊరూర కనిపించినవి. రౌటర్లు పెక్కు 12 వోల్టులవే గాని కొన్ని 9 వోల్టులవియు, కొన్ని 5 వోల్టులవియు కలవు. మూతులును వెలుపల 5.5 మిల్లీమీటర్లే యైనను లోపలి రంధ్రము కొన్నింటికి 2.1, కొన్నింటికి 2.5. రంధ్రము పెద్దదైనచో వదులై, కదలిన ప్రతిసారియు రౌటరు ఆగి మొదలగును. నెట్టు చెడినదని కంపెనీకి ఫోనుచేయుటకు మునుపు మూతిని కదిపి చూచుట మేలు.

జోడు తప్పిన చార్జర్లు ప్రతి యింటను ఒక సొరుగునిండ కలవు. ఐరోపాలో పారవేసిన, వాడని చార్జర్లవలన ఏట పదునొకండు వేల టన్నుల చెత్త చేరుచున్నదని అచ్చటి సమాఖ్య అంచనా వేసినది. చట్టము చేయుటకు అదియు ఒక హేతువు. మన దేశమున ఎలక్ట్రానిక్ వ్యర్థములకు 2022లో చేసిన క్రొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినవి. హైదరాబాదు చర్లపల్లిలోని సీ-మెట్ అను ప్రభుత్వ పరిశోధనసంస్థ పాత సర్క్యూటు బోర్డులనుండి లోహములను తిరిగి రాబట్టు పద్ధతిమీద పనిచేసినది. రాగి కొఱకు తీగలను వీథిచివర తగులబెట్టువారి పొగను పీల్చినవారికి ఆ పని విలువ తెలియును. సొరుగును ఒక ఆదివారము క్రుమ్మరించి, ప్రతి పెట్టెమీదను అది ఏ వస్తువుదో, ఎన్ని వోల్టులో తెల్లని అంటుకాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి అతికించిన ఇండ్లు మేము చూచినాము. ఆ ఇండ్లలో నాన్నగారికి ఖమ్మమునుండియో కర్నూలునుండియో ఫోనుచేసి "ఏది దేనిది, బాబూ?" అని యడుగు అవసరము కలుగలేదు. ఏ వస్తువుదో ఎంత వెదకినను తేలని పెట్టెలు నాలుగైదు మిగులును. వానిని విడిగా మూటగట్టి, చెత్తబండిలో గాక, ఎలక్ట్రానిక్ వ్యర్థములు తీసికొనువారికి ఇచ్చివేయవచ్చును.